గుంటూరు ఫ్లాట్లో నాలుగున్నర అడుగుల గూడ్స్ యార్డు

పోయినేడు ఏప్రిల్లో మా బాబాయి ఫోన్ చేసి "ఒరేయ్, నువ్వు ఆ బొమ్మ రైళ్లేవో కడతావంటగా, నాకోటి కట్టి పెట్టరా" అన్నాడు. ఆయన గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు కానీ ఆయన ముందు ఆ మాటంటే మొహం చిట్లిస్తాడు, గార్డు అంటేనే పలుకుతాడు. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో, డబుల్ బెడ్రూం ఫ్లాటు. నేనుండేది బెజవాడ సింగ్ నగర్లో. పగలంతా ప్యానల్ బోర్డులు, ఇన్వర్టర్ వైరింగు, రాత్రి అన్నం తిన్నాక ఈ పిచ్చి. నాకోసం కట్టుకున్నవి వదిలేస్తే వేరేవాళ్లకి కట్టడం ఇది మూడోసారి. ఎక్కడ దెబ్బ తిన్నానో, ఏం మార్చానో అన్నీ చెప్తా, చిన్న ఇంట్లో మొదలెడదామనుకునేవాళ్లకి కాస్త పనికొస్తుంది.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే చెక్క గురించి నేనెందుకింత గోల చేస్తానో మీకర్థం కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకొచ్చింది. నా రైలు లేఅవుట్ (పట్టాలు బిగించిన బల్ల) ఉన్నది కింద గదిలో, ఎండీఎఫ్ షీటు మీద, అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసేది. నీళ్లు తీసి, బురద కడిగి చూస్తే ఆ ఎండీఎఫ్ టీలో ముంచిన రస్కులాగా ఉబ్బిపోయుంది, పట్టాలు వాటి పాటికి అవి బానే ఉన్నాయి, కింద ఆధారమే లేదు. చేత్తో పట్టుకుంటే ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది. ఆరోజు నుంచి ఎండీఎఫ్ ఇంటి గడప తొక్కలేదు. బాబాయి వాళ్లది మూడో అంతస్తు, వరద భయం లేదు, అయినా సరే.

సరే, బాబాయి దగ్గరికెళ్తే ఆయన ఒక తెల్ల కాయితం మీద లిస్టు రాసి పెట్టుకున్నాడు. విజయవాడ స్టేషన్ పది ప్లాట్‌ఫాంలు, కృష్ణా మీద బ్రిడ్జి, అవతల కృష్ణా కెనాల్ జంక్షన్, అక్కణ్నుంచి ఒక లైను గుంటూరుకి, ఇంకోటి తెనాలికి, పిల్లాడు (అంటే మనవడు) చూడ్డానికి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఒకటి తిరుగుతూ ఉండాలి. నేను నవ్వలేదు, ఎందుకంటే మొదట్లో నేనూ ఇలాగే రాసుకున్నా, అందరూ ఇలాగే రాసుకుంటారు. టేపు, కాలిక్యులేటర్ తీసి ఆయన పక్కనే కూర్చున్నా. నేను కట్టే సైజు ఎన్ స్కేల్, అంటే అసలు రైలులో 160లో ఒక వంతు. బ్రిడ్జి కిలోమీటరు పైనే కాబట్టి ఒక్క బ్రిడ్జికే 6 మీటర్ల పాతిక సెంటీమీటర్లు పోతుంది. ఎల్‌హెచ్‌బీ పెట్టె (ఇప్పటి కొత్తరకం ప్యాసింజరు పెట్టె) దాదాపు 24 మీటర్లు, అంటే మన దగ్గర 15 సెంటీమీటర్లు, 24 పెట్టెల బండి కడితే 3 మీటర్ల 60. బాబాయి లేచెళ్లి హాలు కొలుచుకొచ్చాడు. వచ్చి "బ్రిడ్జి కొట్టెయ్" అన్నాడు.

ఈలోపు పిన్ని వంటింట్లోంచి వచ్చి మూడు ముక్కలు చెప్పింది. గోడకి మేకు కొట్టకూడదు, నా కుట్టు మిషన్ జరపకూడదు, కింద చీపురు ఆడాలి. ఆ మూడూ కలిపి చూస్తే మిగిలిన చోటు బెడ్రూంలో బీరువాకీ బాల్కనీ తలుపుకీ మధ్య ఉన్న గోడ, అయిదడుగుల రెండంగుళాలు. ముందుకి పద్నాలుగు అంగుళాలు దాటితే తలుపు తెరుచుకోదు. దాని కిందే కుట్టు మిషన్. అదీ మన స్థలం, బేరం లేదు.

ఇక్కడే అసలు నిర్ణయం తీసుకోవాల్సొచ్చింది. బండి గుండ్రంగా తిరగాలంటే ఎంత వెడల్పు కావాలో చూడండి. కాటో యూనిట్రాక్‌లో (ముక్కలుగా వచ్చే రెడీమేడ్ బొమ్మ పట్టాలు) మామూలుగా వాడే చిన్న కర్వు 249 మిల్లీమీటర్ల రేడియస్, అంటే లూపు అడ్డంగా అర మీటరు, అటూ ఇటూ అంచు వదిలితే రెండడుగుల చెక్క తప్పదు. ఇంకా చిన్న కర్వులు కూడా వస్తాయి, ట్రాముల్లాంటి పొట్టి బళ్లకి బావుంటాయి, మన పొడుగు పెట్టెలకి కాదు. 249 మీదే ఎల్‌హెచ్‌బీ పెట్టె చివర దాదాపు 7 మిల్లీమీటర్లు బయటికి తన్నుతుంది, అంటే నిజం రైలైతే మీటరు పైన. పద్నాలుగు అంగుళాల్లో లూపు ఎంత తిప్పలు పడినా పట్టదు. మడిచే చెక్క పెట్టొచ్చు, మంచం కింద తోసేది చెయ్యొచ్చు, అవన్నీ నేను చేసి చూశా, మొదటి నెల రోజూ తీస్తారు, తర్వాత పండక్కి కూడా తియ్యరు.

అందుకని బాబాయిని వేరే ప్రశ్న అడిగా, "నీ సర్వీసులో నీకు బాగా సరదాగా ఉండే పని ఏది బాబాయ్?" అని. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "షంటింగు" అన్నాడు, అంటే వ్యాగన్లని ఇంజనుతో ముందుకీ వెనక్కీ జరిపి కావాల్సిన వరసలో పెట్టడం. రాత్రి రెండింటికి గూడ్స్ షెడ్డు దగ్గర చేతిలో లాంతరు పట్టుకుని, ఇది కొయ్యి (అంటే బండి నుంచి విడదియ్యి), అది తగిలించు, మిర్చి వ్యాగన్ ముందుకి తెప్పించు, ఇలా చెప్పుకుంటూ పోయాడు ఓ అరగంట. లూపు మాట మళ్లీ ఎత్తలేదు. మనవడి సంగతి తర్వాత చూద్దామనుకున్నాం.

షంటింగుకి ప్రపంచమంతా వాడే ఒక ప్లాను ఉంది, ఇంగిల్‌నుక్ అంటారు, అలన్ రైట్ అనే ఇంగ్లండ్ ఆయన తయారుచేసింది. మూడే లైన్లు, రెండే పాయింట్లు (బండిని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మళ్లించే చోట్లు). ఒక లైన్లో 5 వ్యాగన్లు పడతాయి, మిగతా రెంట్లో మూడేసి, ఇంజను వైపు ముక్కలో ఇంజనూ మూడు వ్యాగన్లూ పడతాయి. ఎనిమిది వ్యాగన్లుంటాయి, అందులోంచి చెప్పిన అయిదింటిని చెప్పిన వరసలో నిలబెట్టాలి. అంతే ఆట. వినడానికి చప్పగా ఉంటుంది గానీ వచ్చే వరసలు 6720, మొదటిసారి కూర్చుంటే అరగంట తెలీకుండా పోతుంది.

బాబాయి వెంటనే ఒక మెలిక పెట్టాడు. "ఇప్పుడు వ్యాగన్లు విడివిడిగా ఎవడు కోస్తున్నాడ్రా, అంతా పొడుగాటి రేకులు, బండికి బండి ఒకటే సరుకు, బొగ్గయితే మొత్తం బొగ్గే, సిమెంటయితే మొత్తం సిమెంటే." నిజమే. కాబట్టి కాలాన్ని వెనక్కి జరిపాం, 1980ల్లో గుంటూరు వైపు ఏదో ఒక చిన్న గూడ్స్ షెడ్డు, ఊరి పేరు పెట్టలేదు, నాలుగు చక్రాల పాత వ్యాగన్లు, డబ్ల్యూడీఎం-2 డీజిలు ఇంజను. దీనివల్ల నాకు రెండు లాభాలు. ఒకటి, పైన కరెంటు తీగలు కట్టే పని తప్పింది. రెండు, అన్నీ పొట్టివి. డబ్ల్యూడీఎం-2 పొడుగు 17.12 మీటర్లు, ఎన్ స్కేల్లో 107 మిల్లీమీటర్లు. మేం ప్రింట్ చేయించిన వ్యాగన్లు కప్లింగుతో కలిపి 55 పడ్డాయి. పాయింటు ఒక్కోటి 12, 13 సెంటీమీటర్లు. అన్నీ కూడితే ఎనభై, పాయింటు దగ్గర పక్క లైను బండికి తగలకుండా వదలాల్సిన జాగా కలిపితే తొంభై. అప్పుడు బాబాయి "బ్రేక్ వ్యాన్ ఏదిరా?" అన్నాడు, గూడ్సు చివర గార్డు కూర్చునే పెట్టె అది. ఇంగిల్‌నుక్‌లో బ్రేక్ వ్యాన్ ఉండదు బాబాయ్ అంటే, "గార్డు ఇంట్లో బ్రేక్ వ్యాన్ లేని గూడ్సా?" అని అలిగినంత పని చేశాడు. పొడుగు లైన్ని ఇంకో 6 సెంటీమీటర్లు పెంచా. మొత్తం మీటరు. చెక్క నాలుగున్నర అడుగులు, అడుగు వెడల్పు. మిగిలిన ముప్పై చిల్లర సెంటీమీటర్లు కంట్రోలరుకీ ఆయన టీ గ్లాసుకీ. హెచ్‌ఓలో (87లో ఒక వంతు సైజు) ఇదే కడితే ట్రాకే ఒకటీ ముప్పావు మీటరు దాటుతుంది, గోడ చాలదు.

స్టాండుకి స్లాటెడ్ యాంగిల్ ర్యాకు, షాపుల్లో సరుకు పెట్టుకునేది. గోడకి మేకు లేదు, మిషన్ కింద అలాగే ఉంది, చీపురు ఆడుతుంది. మన రైళ్లు ఎన్ స్కేల్లో రెడీమేడ్‌గా నాకు దొరకలేదు కాబట్టి ఆరు ఇరుసుల అమెరికన్ డీజిలు ఒకటి వాడింది కొని, పై డొక్కు తీసేసి, త్రీడీ ప్రింట్ చేయించిన డబ్ల్యూడీఎం-2 తొడిగా. ఖర్చులో సగం దానికే పోయింది, మొత్తం ఇరవై మూడు వేల దాకా అయింది. బాబాయి దాన్ని పట్టాల మీద పెట్టి కిందకి వంగి చూసి "గేజు ఇరుగ్గా ఉందేంటి, మీటర్ గేజులా?" అన్నాడు. కన్నంటే కన్నే. మన బ్రాడ్ గేజి, అంటే పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు, 160తో భాగిస్తే పదిన్నర రావాలి, ఎన్ ట్రాకు 9. బయటి దేశాల స్టాండర్డ్ గేజికి చేసిన ట్రాకు ఇది, మనం సర్దుకోవాల్సిందే అని చెప్తే ఊరుకున్నాడు, గుంటూరుకి ఒకప్పుడు మీటర్ గేజి ఎలాగూ ఉండేదిగా అని ఆయనే సమాధానపడ్డాడు.

వైరింగులో నేను నవ్వులపాలయ్యా, అదీ చెప్పాలి. పాతికేళ్లుగా ప్యానల్ బోర్డులు బిగిస్తున్నవాణ్ని, అలవాటుగా మూడు లైన్ల చివర్లకీ మూడు ఫీడర్లు (పట్టాలకి కరెంటు ఇచ్చే వైర్లు) ఇచ్చేశా, వోల్టేజి డ్రాప్ ఉండకూడదని. పాయింటు మార్చగానే షార్టు. కంట్రోలర్ ట్రిప్పు. మళ్లీ మార్చా, మళ్లీ ట్రిప్పు. గంటసేపు కనెక్షన్లన్నీ విప్పి చూసుకున్నాక వెలిగింది, క్రాసింగ్ నోసు (పాయింటు మధ్యలో రెండు పట్టాలు కలిసే ముక్కు) లైవ్ ఉండే పాయింట్లు అవి, పాయింటు ఎటు వేస్తే నోసుకి ఆ వైపు పోలారిటీ వస్తుంది, నేను వెనకనుంచి వేరే పోలారిటీ తోస్తున్నా. చివర్ల మూడు ఫీడర్లూ పీకేసి ఇంజను వైపు ఒక్కటే ఇస్తే సరిపోయింది. మీటరు ట్రాకుకి, ఒకే ఇంజనుకి ఇంకేం అక్కర్లేదు. పాయింటు వెయ్యని లైను దానంతటదే డెడ్ అవుతుంది, అది కూడా మంచిదే.

స్పీడు దగ్గర ఇంకో పేచీ. మొదటి రోజు బండి నడిపితే బాబాయి "ఇది షంటింగా రాజధానా?" అన్నాడు. షంటింగ్ స్పీడు 15 కిలోమీటర్లు దాటకూడదు, అది ఆయన రక్తంలో ఉంది. 160తో భాగిస్తే సెకనుకి 26 మిల్లీమీటర్లు. అంటే తొంభై సెంటీమీటర్లు పోవడానికి 35 సెకన్లు పట్టాలి. మామూలు రెగ్యులేటర్‌తో అంత నెమ్మదిగా కదల్దు, ఆగిపోద్ది లేకపోతే ఒక్కసారి గెంతుద్ది. 12 వోల్టుల అడాప్టరుకి చిన్న పీడబ్ల్యూఎం స్పీడ్ బోర్డు (కరెంటుని తునకలు తునకలుగా కోసి పంపేది) తగిలిస్తే పాకడం మొదలెట్టింది. బాబాయి చేతిగడియారం పెట్టి చూశాడు, ముప్పై రెండు వచ్చింది, "పర్లేదు" అన్నాడు.

సీనరీ గురించి ఎక్కువ చెప్పను, మూడు విషయాలు తప్ప. కంకర కోసం కృష్ణ ఇసక జల్లిద్దామనుకున్నా కానీ రంగు పసుపుపచ్చగా ఉంటుంది, నిజం కంకర బూడిద రంగు. బిల్డింగ్ పని జరుగుతున్న చోట అడిగి దోసెడు రోబో ఇసక తెచ్చి, కడిగి, ఎండబెట్టి, టీ జల్లెడలో పట్టా. రైల్వే కంకర 65 మిల్లీమీటర్ల సైజంటే మనకి 0.4, జల్లెడలోంచి పడ్డ సన్నం సరిగ్గా సరిపోయింది. తర్వాత అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టి ఆ పొడి మీద నాలుగుసార్లు తిప్పండి, ఈ ఒక్కటి మర్చిపోవద్దు, ఇసకైనా రోబో ఇసకైనా. నల్లగా నూగులాగా అంటుకుంటుంది, అది ఇనప రజను. అది పట్టాల మధ్య ఉండిపోతే ఇంజను మోటారు అయస్కాంతం లాక్కుంటుంది, గేర్లలోకి పోతుంది, మీ ఇంజను డబ్బులు గోవిందా.

రెండోది మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు. గూడ్స్ షెడ్డు ముందు గోనె బస్తాలు లేకపోతే అది గుంటూరు ఎలా అవుద్ది. మైనంతో చేశా, మట్టితో చేశా, అన్నీ పిడకల్లా వచ్చాయి. పిన్ని బియ్యం ఏరుతుంటే చాట పక్కన స్కేలు పెట్టి చూశా. గింజ ఆరు మిల్లీమీటర్లు, 160తో గుణిస్తే మీటరుకి కాస్త తక్కువ. బస్తా సైజే! గింజ మధ్యలో లావుగా, చివర్లు సన్నగా, కుట్టిన గోనె సంచి లాగానే ఉంటుంది. వందకి పైగా గింజలు గోధుమ రంగు వేసి, ఒక్కోటీ ట్వీజర్‌తో పేర్చి, రెండు గింజలు విరిగినట్టు పెట్టి పక్కన చిటికెడు ఎర్రరంగు చల్లా. పురుగు పట్టకుండా పైన వార్నిష్. బాబాయి భూతద్దం పెట్టి చూసి తుమ్మినట్టు నటించాడు.

మూడోది ఆకాశం. వెనక షీటుకి నీలం వెయ్యకండి. మే నెల గుంటూరు ఆకాశం నీలంగా ఎప్పుడుంది, పాలిపోయిన తెలుపు, అడుగున కొంచెం దుమ్ము రంగు. అదే వేశా.

మే నెలాఖరుకి అయిపోయింది. రోహిణి కార్తె ఎండలో చెక్క కరకరలాడేంత పొడిగా ఉంది, అంతా సమంగా ఉంది, నేను బిల్లు లెక్కలు ఇచ్చేసి వచ్చేశా. ఆగస్టు రెండో వారంలో బాబాయి ఫోను. హలో కూడా లేదు, "రోల్ డౌన్ రా!" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. నిలబెట్టిన వ్యాగన్లు వాటంతటవే దొర్లిపోవడాన్ని రైల్వేలో రోల్ డౌన్ అంటారు, చాలా పెద్ద తప్పు, ఉద్యోగాలు పోతాయి. ఇక్కడ బీరువా తలుపు కాస్త గట్టిగా వేస్తే చాలు, లైను చివర నిలబెట్టిన వ్యాగన్లు మెల్లగా పాయింటు దగ్గరికి వచ్చేసి ఇంకో బండికి అడ్డం నిలబడుతున్నాయట.

వెళ్లి చెక్క ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి పట్టుకుంటే మధ్యలో 4 మిల్లీమీటర్ల సందు. చెక్క ఉయ్యాల మంచంలాగా కిందకి దిగింది. తప్పు నూటికి నూరు నాదే. ప్లైవుడ్ మంచిదే, ఐఎస్ 710 మెరైన్ గ్రేడు, బుడమేరు దెబ్బ తర్వాత అదే వాడుతున్నా. కానీ పైన రంగు, ఫెవికాలు, సీనరీ పడి పూర్తిగా మూసుకుపోయింది, కింద వైపు రంగు వెయ్యని ఉత్త చెక్క, ఎవరు చూస్తారులే అని వదిలేశా. వానాకాలం గాలిలో తేమ కింద వైపు నుంచే పీల్చుకుంది, కింది పొర సాగింది, పై పొర సాగలేదు, ఇంకేముంది, వంగింది. పైగా ర్యాకు అడ్డకమ్మీలున్నాయి కదా అని అడుగున పక్కటెముకలు కూడా కొట్టలేదు. మెరైన్ గ్రేడు జిగురుకి నీళ్లంటే భయం లేదు గానీ చెక్క చెక్కే, తేమకి కదుల్తుంది.

కింద పెట్టి, వ్యాగన్లు దించి, బోర్లించి రెండు వారాలు ఫ్యాను కింద ఉంచాం (టిక్కీలు ఒక్కటి కూడా ఊడలేదు, ఆ గర్వం మాత్రం ఉంది). బాగా ఆరాక కింద రెండు కోట్లు ప్రైమరు, రెండు కోట్లు ఎనామిలు, నాలుగు అంచులకీ అంతే, అంచుల్లోంచే తేమ ఎక్కువ పోతుంది కాబట్టి అక్కడ మూడోసారి కూడా. తర్వాత రెండున్నర అంగుళాల ఎత్తు ప్లై ముక్కల్ని నిచ్చెనలాగా అడుగున బిగించా. ముక్క మందం కంటే ఎత్తు ముఖ్యం, ఎత్తు రెట్టింపైతే వంగకుండా ఆపే బలం ఎనిమిది రెట్లవుతుంది. దారం మళ్లీ లాగితే ఒక మిల్లీమీటరు లోపే. ఈ పని మేలో చేసుంటే ఒక పూట, ఆగస్టులో చేస్తే మూడు వారాలు.

అయినా ఎన్ వ్యాగన్లు గాలికి కూడా కదిలేంత తేలిక. అందుకని లైన్ల చివర పట్టాల మధ్య చిన్న బెజ్జం వేసి టూత్ బ్రష్ నైలాన్ కుచ్చు నాలుగు వెంట్రుకలు నిలబెట్టా, ఇరుసుకి తగిలీ తగలనట్టు. ఇంజను లాగితే తెలీదు, ఊరికే నిలబెడితే ఆగుతుంది. వ్యాగన్ కొయ్యడానికి అగరుబత్తి పుల్ల, వెలిగిపోయాక మిగిలే వెదురుది, చివర చెక్కి కప్లింగు మధ్యలో పెట్టి తిప్పితే చాలు. అగరుబత్తి పొగ మాత్రం ఆ గదిలో వద్దని చెప్పా, సాంబ్రాణి, దోమల కాయిలు కూడా. ఆ పొగ పట్టాల మీద జిడ్డుగా కూర్చుంటుంది, బండి ఆగి ఆగి నడుస్తుంది. నెలకోసారి గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడవడమే, గరుకు కాయితం మాత్రం పెట్టకండి, గీతల్లో ఇంకా మురికి పడుతుంది.

మనవడికి దసరా సెలవుల్లో ఎనిమిది 249 కర్వులు, నాలుగు స్ట్రెయిట్లు ఇచ్చి హాల్లో గచ్చు మీద తిప్పుకోమన్నాం. మూడో రోజుకి ఇంజను గేర్లలో పిన్ని తలవెంట్రుక. నేల మీద నడిపితే ఇది మామూలే, విప్పి తీసిచ్చా.

బాబాయి ఇప్పుడు వ్యాగన్లకి ఎనిమిది అట్టముక్కలు చేసుకున్నాడు, నంబర్లు రాసి, కలిపి, అయిదు పంచుకుంటాడు, అదే ఆ పూట బండి వరస. "రిటైరయ్యి పేకాట మొదలెట్టాడు మీ బాబాయి" అంటుంది పిన్ని. పాయింట్లకి మోటార్లు పెడతానంటే వద్దన్నాడు, చేత్తోనే వేస్తాడు, వేసి పాయింటు అంటుకుందా లేదా అని వంగి చూసి అప్పుడు చెయ్యి ఊపుతాడు. ఒక్క లోపం మిగిలింది, పిన్ని మిషన్ తొక్కితే ర్యాకు మొత్తం అదురుతుంది, టూత్ బ్రష్ కుచ్చు కూడా ఆ అదురుడికి ఆగదు. కాళ్లకి రబ్బరు ముక్కలు వేశా, కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. పోయినవారం వెళ్లినప్పుడు చూశా, పిన్ని జాకెట్టు ముక్కలు పట్టుకొచ్చి మిషన్ ముందు కూర్చోబోతుంటే బాబాయి "ఆగాగు" అని లేచి, అగ్గిపుల్లలు విరిచి ఒక్కో లైన్లో చివరి వ్యాగన్ చక్రాల కింద రెండు వైపులా పెట్టి, వేలితో తోసి చూసి, "ఆఁ, వెడ్జిలు పెట్టా, ఇంక కుట్టుకో" అన్నాడు.